మణికట్టు నొప్పిని ఆరు నెలలు దాచిన జిమ్నాస్ట్: ఇంట్లో మేం ఏం చేయాలి?

గాజువాక నాన్న | జులై 6

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదికను చదువుతున్నానే గాని ఇంతవరకు ఒక్క మాటా రాయలేదు. మా అమ్మాయికి 11 ఏళ్లు, ఆరో ఏట నుంచి జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. వారానికి ఆరు రోజులు తెల్లవారుజామున ఐదింటికి స్కూటరు తీసి, ఎన్‌ఏడీ కూడలి మీదుగా నగరంలోని శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్లి, తను సాధన చేస్తున్నంతసేపూ మెట్ల మీద కూర్చుని, మళ్లీ బడి వేళకు దింపడం నాకు అలవాటైపోయింది.

పోయిన ఆదివారం మా ఆవిడ సాధన సంచిని ఉతకడానికి తీస్తే, తువ్వాలులో చుట్టి పెట్టిన నొప్పి స్ప్రే డబ్బాలు మూడు కనిపించాయి. రెండు ఖాళీవి, మూడోది సగానికి వచ్చింది. బడిలో తినడానికి ఇచ్చే డబ్బులతో కొనుక్కుందట. చాలాసేపు బుజ్జగించి అడిగాక, సంక్రాంతి సెలవుల తర్వాతి నుంచే రెండు మణికట్లూ నొప్పి పెడుతున్నాయని, రౌండాఫ్ ఫ్లిక్ (చేతులు నేలకు ఆనించి వెనక్కి వేసే పల్టీ) కొట్టేటప్పుడూ, పరుగెత్తి వచ్చి దూకే వాల్ట్ బల్ల మీద చేతులు ఆనించేటప్పుడూ పొడిచినట్టు ఉంటుందని, మిగతా వేళల్లో "ఏమీ ఉండదు నాన్నా" అని చెప్పింది.

మాకు బొత్తిగా తెలియదని అనలేను. మార్చిలో ఒకసారి నొప్పి అని చెప్పింది. ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూపిస్తే, ఎక్స్‌రే తీయకుండానే బెణుకని తేల్చి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, వారం రోజులు విశ్రాంతి ఇమ్మన్నారు. సరిగ్గా ఆ వారంలోనే జిల్లా పోటీలకు జట్టును ఎంపిక చేశారు. సాధనకు రాని కారణంగా అందులో మా అమ్మాయి పేరు లేదు. ఆ తర్వాత మణికట్టు మాట మళ్లీ ఎత్తలేదు. తగ్గిపోయిందనుకుని నేనూ అడగలేదు. నొప్పి ఉందని చెబితే ఏం పోతుందో తను ఆ వారంలోనే నేర్చుకుందని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

గురువారం ఎముకల వైద్యుడి దగ్గర ఎక్స్‌రే, ఆపైన ఎమ్మారై తీయించాం. మణికట్టు దగ్గర రేడియస్ ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్ దెబ్బతిన్నదని, కుడిచేతికి ఎక్కువగా ఉందని, కనీసం మూడు నెలలు చేతుల మీద బరువు వేయకూడదని ఆయన చెప్పారు. శిక్షకుడికి ఫోన్ చేస్తే, ఈ వయసు పిల్లలందరికీ ఉండేదేనని, టేపు వేసి నెమ్మదిగా చేయిస్తానని, నవంబరులో పోటీలున్నాయని అన్నారు. అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు, అన్నం కెలికి లేచిపోతోంది. నాతో మాత్రం మాట్లాడడం లేదు.

మూడు నెలలూ ఇంట్లోనే ఉంచాలా, లేక కేంద్రానికి తీసుకువెళ్లి కూర్చోబెట్టాలా? ఇంతకంటే నన్ను తినేస్తున్నది ఇంకొకటి ఉంది. "ఓర్చుకో తల్లీ, ఓర్చుకున్నవాళ్లకే పతకాలు" అని రోజూ స్కూటరు మీద చెప్పింది నేనే. ఆ మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు.

ఎంవీపీ ఫిజియో | జులై 7

అన్నయ్యగారూ, నేను ఎంవీపీ కాలనీలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. అమ్మాయిని చూడకుండా చికిత్స చెప్పను గాని, జరిగినదేమిటో మీకు అర్థమయ్యేలా చెప్పగలను.

మన మణికట్టు నడవడానికి చేసిన కీలు కాదు, జిమ్నాస్టిక్స్‌లో మాత్రం అది పాదం చేసే పని చేస్తుంది. చేతి మీద బరువు పడినప్పుడు అందులో సుమారు 80 శాతాన్ని బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక మోస్తుంది. ఎదిగే పిల్లల్లో ఆ ఎముక చివర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. అదే గ్రోత్ ప్లేట్, చుట్టూ ఉన్న గట్టి ఎముక కంటే బలహీనమైన చోటు. ఒక ఫ్లిక్‌లో శరీర బరువుకు రెండింతలు మించిన ఒత్తిడి, అదీ అరచెయ్యి పూర్తిగా వెనక్కి వంగి ఉన్నప్పుడు, ఆ పొర మీద పడుతుంది. ఒక రోజులో పదుల సార్లు, వారంలో ఆరు రోజులు ఇలా పడుతూ ఉంటే, మానడానికి దానికి వ్యవధి దొరకదు.

ఇది ఒక్కసారి పడితే విరిగినది కాదు కాబట్టి వాపు పెద్దగా ఉండదు, చాలా సందర్భాల్లో పిండికట్టు కూడా వేయరు. అందుకే చూసేవాళ్లెవరూ నమ్మరు. మొదటి దశలో ఎక్స్‌రే సైతం మామూలుగానే కనిపించవచ్చు. నిర్లక్ష్యం చేస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, రేడియస్ గ్రోత్ ప్లేట్ వయసుకు ముందే మూసుకుపోయి ఆ ఎముక పెరుగుదల ఆగిపోతుంది, పక్కనున్న అల్నా ఎముక మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండింటి పొడవుల్లో తేడా వచ్చి, చిటికెనవేలి వైపు కీలు నలిగిపోయి, పెద్దయ్యాక కూడా నొప్పి వదలదు. సమయానికి బరువు ఆపితే మాత్రం ఎక్కువ మంది పిల్లల్లో ఇది పూర్తిగా మానుతుంది. మీ వైద్యుడు చెప్పిన మూడు నెలలు అతి జాగ్రత్త కాదు.

స్ప్రే ఎముకకు ఏమీ చేయదు, నొప్పి అనే కబురును కాసేపు వినబడకుండా చేస్తుందంతే. టేపు గురించి వేరే చెప్పనక్కరలేదు. చెయ్యి ఎక్కువగా వంగకుండా కొంత పట్టుకుంటుందేమో గాని, పైనుంచి పడే బరువును అది మోయదు.

పెందుర్తి పెద్దాయన | జులై 7

బాబూ, ఇంత చిన్నదానికి ఎమ్మారైల దాకా ఎందుకు వెళ్లారు? మా రోజుల్లో చెయ్యి నొప్పి అంటే నువ్వులనూనె వేడిచేసి రాత్రిపూట బాగా మర్దన చేసేవారు. తగ్గకపోతే నాటు వైద్యుడి దగ్గర ఆకుపసరుతో కట్టు కట్టించేవారు. పుత్తూరు కట్టుకు రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వెళ్లేవారు, వారందరూ అమాయకులేనా?

ఉక్కునగరం అమ్మ | జులై 8

పెద్దలు మీరు, కాదనడానికి నోరు రాదు గాని చెప్పకుండా ఉండలేను. మా అక్క కొడుక్కి తొమ్మిదో ఏట జామచెట్టు మీద నుంచి పడి మోచెయ్యి విరిగితే, ఊళ్లో బిగించి కట్టు కట్టించారు. రాత్రంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. వేళ్లు చల్లబడి నీలంగా మారుతుంటే, కట్టు "పట్టుకుంటోంది" కాబట్టి నొప్పి సహజమని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. మూడో రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి రక్తం అందక ముంజేతి కండరాలు చచ్చిపోయాయి. ఇప్పుడు వాడికి 20 దాటాయి, కుడిచేతి వేళ్లు పూర్తిగా తెరుచుకోవు. కట్టు వేసిన చెయ్యి నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా తెల్లవారేదాకా ఆగకూడదని అందరూ గుర్తుపెట్టుకోవాలి.

ఎంవీపీ ఫిజియో | జులై 8

అమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. పైగా ఈ అమ్మాయి విషయంలో సరిచేసి కట్టాల్సిన ఎముక అంటూ ఏదీ పక్కకు జరగలేదు. గ్రోత్ ప్లేట్ మీద గట్టిగా మర్దన చేయడం కూడా వద్దు. ఇంట్లో మామ్మగారు ఉండి, మనవరాలి చేతికి ఏదో ఒకటి చేయకుండా ఆవిడ మనసు ఊరుకోకపోతే, పైపైన నూనె రాసి కాసేపు ఒళ్లో పెట్టుకోమనండి.

మాస్టారు, అక్కయ్యపాలెం | జులై 8

లెక్కల ఉపాధ్యాయుడిగా 34 ఏళ్లు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ ఆటలో ఉద్యోగం లేదు, ఆదాయం లేదు, ఇప్పుడు ఆరోగ్యమూ పోతోంది. దేవుడు ఒక దారి చూపించాడనుకుని మానిపించేయండి. వచ్చే ఏడు ఏడో తరగతి, గణితానికి పునాది పడేది అక్కడే.

గాజువాక నాన్న | జులై 8

మాస్టారూ, మీ మాటను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ ఆలోచన ఈ నాలుగు రోజుల్లో నాకూ వచ్చింది. అయితే మానాలా వద్దా అన్నది మణికట్టు మానిన తర్వాత తను చెప్పవలసిన మాట. ఇప్పుడు నేను మానిపిస్తే, మార్చిలో జరిగినదే ఇంకా పెద్దగా జరిగినట్టవుతుంది. నొప్పి సంగతి బయటపడింది, ఆటే పోయింది అనుకుంటుంది. ఇకమీద కడుపునొప్పి వచ్చినా నాకు చెబుతుందా?

పాత జిమ్నాస్ట్, పీఈటీ | జులై 9

ఆ చివరి వాక్యం దగ్గరే మీకు సగం జవాబు దొరికింది. నేను 1990లలో రాష్ట్రస్థాయి వరకు ఆడి, ప్రస్తుతం ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఉన్నాను. మా కాలంలో కొబ్బరిపీచు పరుపుల మీద దూకేవాళ్లం. నొప్పి దాచడం మాకు ఒక విద్య. కుంటకుండా నడవడం ఎలాగో ఒకరికొకరం నేర్పుకునేవాళ్లం. శిక్షకుడు అడిగితే "లేదు సార్" అనేది నోటి నుంచి దానంతటదే వచ్చేది. కాబట్టి మీ అమ్మాయి అబద్ధాలకోరు కాదు, మనసులో ఆ ముద్ర వేసుకోకండి.

నా సలహా ఏమిటంటే, కేంద్రానికి తీసుకువెళ్లండి, మానవద్దు. జిమ్నాస్టిక్స్ అంతా చేతుల మీదే జరగదు. కాళ్లు బారచాచి కూర్చునే స్ప్లిట్లు, నడుము, పొట్ట కండరాల కసరత్తు, బీమ్ అనే సన్నని దూలం మీద నడకలు, గెంతులు, మలుపులు, ఫ్లోర్ నృత్యంలోని భాగాలు చేతులు ఆనించకుండానే చేయవచ్చు. బీమ్ అంటే నేల మీదుండే తక్కువ ఎత్తు బీమ్ అని అర్థం, ఎందుకంటే పడినప్పుడు ఎవరికైనా ముందు చేతులే ఆనుతాయి. ఏవి చేయవచ్చో, ఏవి కూడదో వైద్యుడి చేత కాగితం మీద రాయించి శిక్షకుడికి ఇవ్వండి. నోటిమాటగా "నెమ్మదిగా చేయించండి" అంటే శిక్షకుల భాషలో దానికి అర్థం వేరు. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. టేపు సంగతి ఇంకా నవ్వొస్తుంది, మన విశాఖ ఉక్కలో అది చెమటకు పది నిమిషాలు కూడా అంటుకోదు.

ఇంకొకటి. పడుకునే ముందు రోజూ ఒకే వేళకు, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత ఉందో తన చేతే ఒక పుస్తకంలో రాయించండి. అందులో ఏ అంకె ఉన్నా మర్నాడు కేంద్రానికి వెళ్లడం మాత్రం ఆగదని ముందే మాట ఇవ్వండి. ఆ అంకె రేపు ఏం చేయాలో చెప్పాలి గాని, రేపు తను ఆ గుంపులో ఉంటుందా లేదా అన్నది తేల్చకూడదు. ఆ భయం ఉన్నంతకాలం మీకు సున్నాలే కనిపిస్తాయి.

అమ్మాయికి ధైర్యం చెప్పడానికి మన అరుణారెడ్డి ఉండనే ఉంది. హైదరాబాదు పిల్ల. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్పులో వాల్ట్‌లో కాంస్యం గెలిచి, ఆ తర్వాత మోకాలి శస్త్రచికిత్స చేయించుకుని, 2021లో కైరోలో రెండు స్వర్ణాలతో తిరిగివచ్చింది. దీపా కర్మాకర్ కూడా అంతే. 2017లో మోకాలి లిగమెంటుకు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీకి) శస్త్రచికిత్స జరిగితే, 2018 జులైలో టర్కీలోని మెర్సిన్‌లో స్వర్ణం గెలిచింది.

ఎంవీపీ ఫిజియో | జులై 9

మేడమ్, మీరు చెప్పినవాటిలో అరుణ, దీప మాట తప్ప మిగతా అంతటితో ఏకీభవిస్తాను. వాళ్లిద్దరూ ఎముకల ఎదుగుదల పూర్తయిన పెద్దవాళ్లు, దెబ్బ తగిలింది లిగమెంటుకు. లిగమెంటును తిరిగి కట్టగలరు, ముందే మూసుకుపోయిన గ్రోత్ ప్లేటును తిరిగి తెరవడం అలా కుదరదు. ఆ కథలు విన్న పిల్ల తన మూడు నెలలను రెండు చేయాలని చూస్తుంది. అంతకంటే వేరే లెక్క చెప్పండి. అంతర్జాతీయ సీనియర్ పోటీల్లో ఆడపిల్ల నిలబడాలంటే ఆ సంవత్సరంలో 16 నిండాలి. ఈ నిబంధన 1997 నుంచి ఉంది, అంతకుముందు 15 ఉండేది. మీ అమ్మాయికి 11. ఇంకా ఐదేళ్లున్నప్పుడు ఈ నవంబరు ఎంత?

పాత జిమ్నాస్ట్, పీఈటీ | జులై 9

ఒప్పుకుంటున్నాను. పెద్దవాళ్ల కథ పిల్లలకు చెప్పే అలవాటు మా వృత్తిలో పోదు.

డాబాగార్డెన్స్ బాబాయి | జులై 10

అందరూ అమ్మాయికే చెబుతున్నారు, ఆ శిక్షకుడిని ఎవరూ ఏమీ అనరేం? ఎమ్మారై తీశాక కూడా టేపు వేసి ఆడిస్తానన్న మనిషి మీద క్రీడాసంఘానికి ఫిర్యాదు చేయాలి. వెంటనే వేరే చోటికి మార్చేయండి.

గాజువాక నాన్న | జులై 10

మార్చాలంటే ఎక్కడికి మార్చను బాబాయ్? ఈ నగరంలో జిమ్నాస్టిక్స్ పరికరాలున్న చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైగా ఆయన ఐదేళ్లుగా నా కూతురిని గాలిలో పట్టుకున్న మనిషి. ముందు వైద్యుడి కాగితంతో వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. వినకపోతే అప్పుడు మీరన్నదే చేస్తాను.

సీతమ్మధార వాసి | జులై 11

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి కూడా ఇదే ఆట ఆడేది, పదో ఏట మడమ నొప్పితో ఆగిపోయింది. విశ్రాంతి రోజుల్లో లావైపోతానన్న భయంతో రాత్రి అన్నం మానేసింది. మేం అది బెంగ అనుకున్నాం. ఎప్పుడో ఎవరో "బరువు చూసుకో" అన్న మాట దాని మనసులో ఉండిపోయిందని తర్వాత తెలిసింది. మీ అమ్మాయి అన్నం కెలకడం వెనక అలాంటిదేమైనా ఉందేమో మెల్లగా కనుక్కోండి. ఎముక మానడానికి తిండి కావాలి. మన వైపు చోడి (రాగి) అంబలి ఉండనే ఉంది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. గుడ్డు, పప్పు, పాలు, చిన్నచేపలు, పొద్దుటి ఎండ, ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. విటమిన్ డి ఎంత ఉందో రక్తపరీక్ష అవసరమా అని మీ వైద్యుడిని అడగండి.

మా అమ్మాయి మళ్లీ జిమ్నాస్టిక్స్‌కు వెళ్లలేదు. మడమ మానింది, మనసు రాలేదు. ఇప్పుడు ఈత కొడుతోంది. ఇలా కూడా జరగవచ్చని చెప్పడానికి రాస్తున్నాను.

గాజువాక నాన్న | ఆగస్టు 17

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఆరు వారాలు గడిచాయి.

శిక్షకుడితో మాట్లాడాను. వైద్యుడి కాగితం చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తనకు మార్చిలోనే చెప్పి ఉంటే అప్పుడే తగ్గించి ఉండేవాడినని అన్నారు. చెప్పిన వారంలోనే పేరు పోయిన పిల్ల మళ్లీ ఎలా చెబుతుందని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను, మర్నాడు దానికి క్షమాపణ కూడా చెప్పాను. అడిగినందుకు కాదు, పిల్లల ఎదుట అడిగినందుకు. ఆయన ఇప్పుడు మా అమ్మాయికి చేతులు ఆనించని సాధన రాసి ఇస్తున్నారు. మిగతా పిల్లలనూ వరసగా పిలిచి మణికట్లు నొక్కి చూశారట, ఇంకో ఇద్దరికి నొప్పి ఉందని తేలింది.

ఇంట్లో అంత సులువుగా జరగలేదు. నొప్పి పుస్తకంలో ఇంతవరకు అన్నీ సున్నాలే. పీఈటీ మేడమ్ చెప్పినది గుర్తుకు వచ్చి, దాని గురించి ఏమీ అనలేదు. ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటున్నప్పుడు, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "స్కూటరు మీద నేను రోజూ చెప్పిన మాట తప్పు" అన్నాను. ఎంతో ఆలోచించి పెట్టుకున్న వాక్యాలేవీ నోటికి రాలేదు. అది విని, "ఏ మాట?" అని అడిగింది. చెప్పాను. "అది అందరి నాన్నలూ చెబుతారు కదా" అని మళ్లీ పొత్తు తినడంలో పడిపోయింది. నేను నెలరోజులుగా మోసిన మాట తనకు గుర్తే లేదు. తనకు గుర్తున్నది జట్టు కాగితంలో లేని పేరు.

అన్నం ఇప్పుడు తింటోంది. సీతమ్మధార అక్కగారి అనుమానం మాకు నిజం కాలేదు, కానీ అడగడం మంచిదయింది.

మాస్టారు, అక్కయ్యపాలెం | ఆగస్టు 18

అమ్మాయి లెక్కలు ఎలా చేస్తోందో రాయలేదు.

గాజువాక నాన్న | ఆగస్టు 18

బాగానే చేస్తోంది మాస్టారూ. భిన్నాల దగ్గర తడబడుతోంది. మీకు వీలుంటే శనివారం తీసుకువస్తాను.

ఎంవీపీ ఫిజియో | ఆగస్టు 18

అన్నయ్యగారూ, వైద్యుడు అనుమతి ఇచ్చాక తొందరపడే కాలం మొదలవుతుంది, అసలు జాగ్రత్త అప్పుడు కావాలి. ముందుగా గోడకు చేతులు ఆనించి నెట్టడం, తర్వాత మోకాళ్ల మీద ప్లాంక్ (చేతులు నేలకు ఆనించి ఒళ్లు నిటారుగా నిలపడం), ఆపైన పూర్తి ప్లాంక్, మెత్తని పరుపు మీద కొద్ది క్షణాలు చేతుల మీద తలకిందులుగా నిలబడే హ్యాండ్‌స్టాండ్, ఆ తర్వాతే చేతుల మీదుగా పక్కకు చక్రంలా తిరిగే కార్ట్‌వీల్. ఫ్లిక్, వాల్ట్ అన్నిటికంటే చివర. ఒక మెట్టు మీద నొప్పి లేకుండా వారం, పది రోజులు గడిచాకే పై మెట్టు. నొప్పి తిరిగివస్తే కింది మెట్టుకు దిగాలి. దాన్ని ఓటమి అనకుండా ఉండడం ఇంట్లో మీ పని.

గాజువాక నాన్న | నవంబరు 9

నవంబరు పోటీలు నిన్న జరిగాయి. తను ఆడలేదు. జట్టుతో పాటు వెళ్లి, చిన్నపిల్లలకు జడలు వేసి, చాక్ పొడి పట్టుకుని నిలబడింది. తిరిగివచ్చేటప్పుడు స్కూటరు మీద ఏడ్చింది. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏడ్చింది. నేను ఆపలేదు.

అక్టోబరు రెండో వారంలో వైద్యుడు గోడ నెట్టడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు పూర్తి ప్లాంక్ దాకా వచ్చాం. పోయిన బుధవారం రాత్రి పుస్తకంలో కుడిచేతికి 3 అని రాసింది. నాలుగు నెలల్లో సున్నా కాని మొదటి అంకె అది. రాసి, పుస్తకం నా ముందు పెట్టి, నా ముఖం చూస్తూ నిలబడింది. "సరే, రేపు ప్లాంక్ వద్దు, మళ్లీ మోకాళ్ల మీదకు వెళదాం. ఐదింటికి బయలుదేరుదాం" అన్నాను. మర్నాడు ఐదుకు ముందే షూ వేసుకుని గుమ్మంలో కూర్చుంది.

డిసెంబరు మొదటి వారంలో మళ్లీ ఎక్స్‌రే ఉంది. ఫిజియో గారూ, ఒక్క కుడిచెయ్యి తీయిస్తే సరిపోతుందా?

ఎంవీపీ ఫిజియో | నవంబరు 10

రెండు చేతులూ తీయించండి. జులై ఫిల్ములు కూడా తీసుకువెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.